ఫౌంటెన్ పెన్నులో నల్ల ఇంకు: సమస్యలు, పరిష్కారాలు

పెన్ను మొరాయిస్తే అందరూ ముందు ఇంకునే అనుమానిస్తారు. చాలాసార్లు లోపం పాళీలోనో, కాగితంలోనో, పెన్ను కడిగిన నీళ్లలోనో ఉంటుంది. కొత్త బుడ్డి కొనేముందు ఒక పరీక్ష చేయండి. కొంచెం ఇంకు చిన్న మూతలో పోసి (బుడ్డిలో ముంచితే పాత ఇంకు కలిసి మొత్తం పాడవుతుంది), పాళీని అందులో ముంచి అరపేజీ రాయండి. ముంచగానే బాగా రాసి తర్వాత సన్నబడితే ఫీడ్‌లో (పాళీ కింద ఉండి దానికి ఇంకు అందించే భాగంలో) ఏదో అడ్డు పడింది. ముంచినా తెగుతూనే ఉంటే తప్పు పాళీది. ఇంకు, కాగితం రెండూ ఒకేసారి మార్చకండి, ఏది కారణమో తేలదు.

పొద్దున తీస్తే రాయదు, రాస్తూ మధ్యలో తెగుతుంది

హైదరాబాద్ ఎండాకాలంలో ఎక్కువగా వచ్చేది ఇదే. ఇంకులో నీరు ఆవిరై రంగు మిగిలిపోతుంది, చిక్కబడిన ఇంకు ఫీడ్ గాళ్లలో పేరుకుంటుంది. ముందు క్యాప్ చూడండి. శుభ్రంగా కడిగి, తెరిచిన వైపు నోరు పెట్టి మెల్లగా ఊదండి. క్లిప్ దగ్గర్నుంచి గాలి బయటికి వస్తుంటే ఇంకు ఎండేది అక్కడే. కొన్ని పెన్నుల క్యాప్‌కి కావాలనే రంధ్రం పెడతారు. వాటిలో చిక్కటి నల్ల ఇంకులు వద్దు.

తర్వాత కడగడం. మామూలు చల్లటి నీళ్లు పది పదిహేనుసార్లు లోపలికి పీల్చి వదలండి. నలుపు అంత త్వరగా వదలదు. నీళ్లు తేటగా వస్తున్నా పాళీని టిష్యూ మీద ఆనిస్తే ఇంకా మరక పడుతుంది. అప్పుడు 200 మి.లీ. నీళ్లలో ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి ఇంకోసారి కడిగి, సబ్బు పూర్తిగా పోయేదాకా మంచినీళ్లతో జాడించండి. కొత్త పెన్నుకీ ఇదే చేయాలి, తయారీలో వాడిన నూనె లోపల ఉంటుంది. వేడినీళ్లు, స్పిరిట్ మాత్రం వద్దు. వేడికి ఎబొనైట్ (పెన్నులకి వాడే గట్టి రబ్బరు) రంగు మారుతుంది, స్పిరిట్ కొన్ని ప్లాస్టిక్‌లను పగలగొడుతుంది.

బకెట్ అంచున తెల్లచార కట్టే బోరు నీళ్లతో కడిగితే ఆ ఉప్పే ఫీడ్‌లోనూ మిగులుతుంది. చివరి జాడింపుకి ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. కొనేటప్పుడు సీసా మీద పేరు చదవండి, పక్కనే యాసిడ్ కూడా అమ్ముతారు. ఎండాకాలంలో పెన్నులోనే చిక్కబడ్డ ఇంకుకి ఇదే నీరు రెండు చుక్కలు చాలు.

కడిగినా తెగుతుంటే పాళీని వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. చీలిక మొన వైపు సన్నబడుతూ పోవాలి, వెంట్రుకంత వెలుగు కనిపించాలి. అస్సలు కనిపించకపోతే 0.05 మి.మీ. ఇత్తడి రేకు ఒకటి రెండుసార్లు నెమ్మదిగా చీలికలోంచి లాగండి. బ్లేడు పెట్టకండి.

పెన్ను ఇంకు కక్కుతోంది

రాజమండ్రి ఎబొనైట్ పెన్నుల్లా డ్రాపర్‌తో ఇంకు నింపేవాటిలో ఇది మామూలే. ఇంకు తగ్గేకొద్దీ ఆ చోట గాలి చేరుతుంది, చేతి వేడికి గాలి వ్యాకోచించి ఇంకుని కిందికి తోస్తుంది. సరిగ్గా పేజీ మధ్యలో చుక్క పడుతుంది. మూడోవంతు మిగలగానే మళ్లీ నింపేయడమే మందు. పెన్నుని తిప్పి బిగించే మరల దగ్గర కారుతుంటే సిలికాన్ గ్రీజు పల్చగా పూయండి. వాజిలీన్ రబ్బరు రింగులను పాడుచేస్తుంది. ఎండలో ఆపిన కారులో పెన్ను వదలకండి. విమానం ఎక్కేటప్పుడు పూర్తిగా నింపో, ఖాళీ చేసో, పాళీ పైకి ఉండేలా జేబులో పెట్టండి.

నలుపు బూడిదరంగులా ఉంది

కడిగిన నీరు ఫీడ్‌లో మిగిలి ఉండొచ్చు. పాళీ కిందికి ఉండేలా టిష్యూలో చుట్టి రాత్రంతా ఉంచాకే ఇంకు పోయండి. అలా చేసినా వెలిసినట్టుంటే అది ఆ ఇంకు స్వభావం. టిష్యూ ముక్క మీద ఒక చుక్క వేసి, ఆరాక పక్కన నీటిచుక్క పెట్టండి. నలుపులో కలిసిన రంగులు విడివిడిగా పాకుతాయి. పార్కర్ క్వింక్ బ్లాక్‌లో నీలం బయటపడుతుంది. అది మెత్తగా ప్రవహించే, తేలిగ్గా కడిగిపోయే ఇంకు, కొత్తవాళ్లకి మంచిదే. నిండు నలుపే కావాలంటే అరోరా బ్లాక్ చూడండి.

నీళ్లు పడితే చెరిగిపోతోంది

మామూలు నల్ల ఇంకులు నీటిలో కరిగే రంగులు, కాబట్టి వానలో తడిస్తే పోతాయి. చెక్కులకీ దస్తావేజులకీ వేరే రకం కావాలి. ప్లాటినం కార్బన్ బ్లాక్, సెయిలర్ కివాగురోలలో సన్నటి నల్లపొడి ఉంటుంది. నీళ్లకి చెక్కుచెదరదు గానీ పెన్నులో ఎండితే వదిలించడం కష్టం. రోజూ రాసే పెన్నులోనే పోసి, రెండు మూడు వారాలకోసారి కడగాలి. నూడ్లర్స్ బ్లాక్ కాగితంలోని సెల్యులోజుని పట్టుకుంటుంది. నున్నటి కాగితం మీద మాత్రం పైన మిగిలినది చాలాసేపు చేతికి అంటుతుంది, అద్దుడు కాగితం వాడండి. ఐరన్ గాల్ ఇంకు (ఇనుప లవణంతో చేసేది) వాడిన పెన్నుని బ్లీచ్‌తో ఎప్పుడూ కడగొద్దు, తుప్పులా గట్టిపడుతుంది.

అక్షరం చుట్టూ వెంట్రుకలు, వెనక పేజీకి దిగడం

ఇది కాగితం తప్పు. సన్నపాళీ, పెలికాన్ 4001 లాంటి తక్కువగా పారే ఇంకు వాడితే చాలావరకు తగ్గుతుంది. అబిడ్స్‌లో డెక్కన్ పెన్ స్టోర్స్ లాంటి దుకాణానికి వెళ్లేటప్పుడు మీ నోటుపుస్తకంలోని ఒక కాగితం తీసుకెళ్లి దాని మీదే రాసి చూడండి.

బుడ్డిలో పోగులు, ముక్కిన వాసన

బూజు పట్టింది. వడకట్టి వాడకండి, బుడ్డితో సహా పారేయండి, ఆ ఇంకు తగిలిన పెన్నుల్నీ కడగండి. డ్రాయింగ్ సామాన్ల పక్కన దొరికే ఇండియన్ ఇంకులో లక్క ఉంటుంది. దాన్ని పొరపాటున పెన్నులో పోస్తే ఆరనివ్వకుండా ఆ క్షణమే నీళ్ల కింద పెట్టండి. ఆరితే ఫీడ్ మార్చాల్సిందే.