దసరా టోర్నమెంట్లకు విజిల్ పట్టే తమ్ముళ్లకు: తప్పు ఊదితే బంతి ఇవ్వకముందే చెప్పేయండి

పోయిన ఆదివారం అనంతపురంలో ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్ మూడో క్వార్టర్‌లోనే ఆగిపోయింది. కుర్రాడు పరుగు మీద బంతి అందుకుని, రెండడుగులేసి షాట్‌కు లేచాడు. రెఫరీ ట్రావెలింగ్ ఊదాడు, అంటే బంతి పట్టుకుని ఎక్కువ అడుగులేశాడని. ఊదిన క్షణంలోనే తప్పని అతనికి తెలిసిపోయింది, ముఖంలో కనిపించింది. అయినా బంతి అవతలి జట్టుకిచ్చాడు. వాళ్లు వెళ్లి బాస్కెట్ వేశాక, కోచ్ అరుపులకు జంకి "ఆ బాస్కెట్ చెల్లదు, బంతి వీళ్లదే" అన్నాడు. కుర్చీలు లేచాయి.

తప్పు ఊదడం పెద్ద విషయం కాదు, నేనూ ఊదాను. 2017లో ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధన మారినప్పటి నుంచి, కదులుతూ బంతి అందుకున్నవాడికి అప్పుడు నేల మీదున్న కాలు లెక్కలోకి రాదు, రెండడుగులు ఆ తర్వాతే. పాత అలవాటున్న చేయి ఊరికే లేస్తుంది. బంతి పట్టుకుని పడి జారినవాడికీ ఊదేస్తుంటారు. మన సిమెంటు కోర్టులో జారితే మోకాలి తోలు లేస్తుంది గానీ ట్రావెలింగ్ కాదు. బంతితో దొర్లినా, లేచి నిలబడినా మాత్రం ఊదాలి.

మనుషుల్ని ముంచేది ఆలస్యం. బంతి మీ చేతిలో ఉన్నంతసేపే దిద్దుకోండి. త్రో-ఇన్ వేసేవాడి, అంటే గీత బయటి నుంచి లోపలికి విసిరేవాడి, చేతికి పోయిందంటే బంతి లైవ్, ఆటలో ఉన్నట్టే. లోపల ఎవరైనా ముట్టుకున్నాక ఆ వయొలేషన్ (నిబంధన ఉల్లంఘన) తీర్పు జోలికి పోవద్దు. అప్పుడు కొందరు పొరపాట్లు దిద్దుకోమనే ఫిబా 44వ నిబంధన తీస్తారు. అది ఫ్రీ త్రోలు, బాస్కెట్ల లెక్కలో జరిగిన పొరపాట్లకు, మీ ట్రావెలింగ్‌కు కాదు.

ముందే గుర్తిస్తే పని తేలిక. బంతిని చంకలో పెట్టుకోండి. తోటి రెఫరీని ఒక్క మాట అడగండి. ఇద్దరు కెప్టెన్లను పిలిచి "పొరపాటున ఊదాను" అనండి, అంతే. విజిల్ మోగినప్పుడు బంతి ఎవరి దగ్గరుందో వాళ్లకే, ఆట ఆగిన చోటికి దగ్గరగా త్రో-ఇన్. ఎవరి ఆధీనంలోనూ లేకపోతే స్కోరర్ల టేబుల్ మీద, ఈసారి బంతి ఎవరి వంతో చూపే బాణం గుర్తు చూడండి. షాట్ చేయి దాటాక ఊదితే, పడిన బాస్కెట్ చెల్లుతుంది. చేతిలో ఉండగానే ఊదితే చెల్లదు, ఆ కుర్రాడు ఎంత ఏడ్చినా.

షాట్ వేయడానికిచ్చే 24 సెకన్ల గడువు హారన్ పొరపాటున మోగితే, బంతి ఉన్న జట్టుకు నష్టం జరగనంతవరకూ మీరూ ఊదొద్దు, ఆడనివ్వండి.

బాకీ తీర్చే విజిల్ వద్దు. ఇటు తప్పు ఊదాను కదా అని అటు ఒకటి ఊదితే, ఆ సంగతి గ్యాలరీలో బఠానీలు తినేవాడికి కూడా తెలుస్తుంది.

కోచ్ అరిచాడని మార్చొద్దు. మీరు చూసింది తప్పయితేనే మార్చండి.

"రెఫరీ అన్నా" అంటూ చుట్టూ మూగితే కెప్టెన్‌తో తప్ప మాట్లాడొద్దు.

ఫోన్‌లో వీడియో చూపిస్తే చూడొద్దు.

టేబుల్‌కు చెప్పకుండా ఆట మొదలుపెట్టొద్దు.

అనుమానం ఉంటే బంతి ఇవ్వొద్దు. మళ్లీ చెప్తున్నా, బంతి ఇవ్వొద్దు.

మాట్లాడేటప్పుడు విజిల్ నోట్లోంచి తీయండి, కెప్టెన్‌కు మీ మాట వినపడాలి.