తుపాను తర్వాత బడి: ఎక్కడ పాడైంది, ఎందుకు, ఎలా బాగుచేయాలి

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఈ రెండూ ఒకే రకం నష్టం కాదు. గాలి పైకప్పును పట్టుకుంటుంది, వరద గోడ అడుగును తింటుంది. అదే బడిని పునరావాస కేంద్రంగా వాడితే వచ్చే అరుగుదల మూడో రకం. మూడింటినీ కలిపేసి కడిగి, రంగు వేయిస్తే అసలు లోపం లోపలే ఉండిపోతుంది. అందుకే చీపురు పట్టకముందే ప్రతి గదికీ ఫోటోలు తీయండి. గోడ మీద నీటి మరక ఎంత ఎత్తు వరకు ఉందో టేపుతో కొలిచి రాసుకోండి.

కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు

నేను అన్నిటికంటే ముందు చూడమనేది దీన్నే. సన్నని వెంట్రుక పగుళ్లు చాలావరకు ప్లాస్టరింగ్‌వే, వాటికి భయం లేదు. కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా దిగే పగులు మాత్రం పునాది కుంగిందని చెబుతుంది. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. వరద తగ్గిన కొన్ని వారాలకు పగుళ్లు బయటపడటానికి కారణం ఇదే.

పగులుకు అడ్డంగా అరచేయంత ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీ వేసి, దాని మీద తేదీ రాయండి. కొన్ని వారాల్లో ఆ పట్టీ చీలితే గోడ ఇంకా కదులుతున్నట్టే. అప్పుడు సిమెంట్ పూసి లాభం లేదు, పునాది సంగతి ఇంజనీరే తేల్చాలి. పట్టీ నిలబడితే పగులును లోతుగా చెక్కి, తడిపి, గట్టి మోర్టార్‌తో (సిమెంట్, ఇసుక మిశ్రమం) నింపి, పైన మెష్ (ఇనుప వల) బిగించి ప్లాస్టరింగ్ చేయించండి. రూపాయి నాణెం అంచు దూరేంత పగులు ఉన్నా, పిల్లర్‌కో బీమ్‌కో పగులు కనిపించినా, ఇంజనీరు చూసేదాకా ఆ గదికి తాళం వేయాల్సిందే. క్లాసులు చెట్టు కింద జరిగినా ఫరవాలేదు.

స్లాబు నుంచి పెచ్చులు రాలడం

తుపాను వాన చాలాసార్లు పాత జబ్బునే బయటపెడుతుంది. మేడ ఎక్కి వానపైపు నోట్లో చూడండి. వేపాకులు, చిరిగిన పాలిథిన్, ఒక్కోసారి పిల్లల బంతి అడ్డుపడి ఉంటాయి. దాంతో నీళ్లు నిలిచి, స్లాబులోకి దిగి, ఇనుప చువ్వలు తుప్పుపడతాయి. తుప్పు ఉబ్బి కాంక్రీటును కిందికి తోస్తుంది.

కింది నుంచి కర్రతో మెల్లగా తట్టి చూడండి. బోలుగా శబ్దం వచ్చిన చోటల్లా పెచ్చు ఊడేదే. దాన్ని తీయించి, చువ్వల తుప్పును వైర్ బ్రష్‌తో పూర్తిగా గీకించి, తుప్పు రాకుండా పూత వేయించి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో పూడ్పించాలి. చువ్వ బాగా సన్నబడి ఉంటే ఆ పని మేస్త్రీతో కాదు, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు రావాలి. తుప్పు మీదే సిమెంట్ రాస్తే వచ్చే వానాకాలానికి మళ్లీ రాలుతుంది, అదీ పిల్లల తలల మీద.

రంగు బుడగలు, తెల్లటి ఉప్పు

గోడలో చెమ్మ పోలేదు. ఒక ప్లాస్టిక్ షీటు ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి మర్నాడు చూడండి. లోపల నీటి చుక్కలు కనిపిస్తే రంగు పని వాయిదా వేయండి. నీటి మరకకు ఓ అడుగు పైదాకా వదులైన ప్లాస్టరింగ్ తీసేసి, కిటికీలు తెరిచి గోడను ఆరనివ్వండి.

రేకులు లేచిపోవడం

విజయవాడలో కప్పు డిజైన్ చేసేటప్పుడు లెక్కలోకి తీసుకోవాల్సిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. రేకు చాలావరకు అంచుల దగ్గర, కప్పు కొన దగ్గర లేస్తుంది. అక్కడ హుక్కులు దగ్గర దగ్గరగా, వాషర్లతో బిగించాలి. పగిలిన ఆస్‌బెస్టాస్ ముక్కల్ని తడిపి, మాస్క్ పెట్టుకునే ఏరండి, పొడిగా ఊడ్వొద్దు.

స్విచ్ ముట్టుకుంటే షాక్, ఎంసీబీ (లోపం వస్తే కరెంటును దానంతటదే ఆపే స్విచ్) పడిపోవడం

వైరింగ్ పరీక్ష అయ్యేదాకా మెయిన్ వేయకండి. మునిగిన స్విచ్‌బోర్డులు, ఎంసీబీలు ఆరబెట్టి వాడేవి కావు, కొత్తవి పెట్టాలి. మెగ్గర్‌లో (వైరు ఇన్సులేషన్‌ను పరీక్షించే మీటరు) రీడింగ్ 1 మెగాఓమ్ కంటే తక్కువ వస్తే ఆ లైన్ మార్చాలి. ఎర్తింగ్ కూడా చూపించండి.

ప్రహరీ వాలడం

తాడు కట్టి పిల్లల్ని దూరంగా ఉంచండి. వాలిన గోడను ఆనించి నిలబెట్టకుండా కూల్చి కట్టించండి. కొత్త గోడ అడుగున నీళ్లు పోవడానికి కన్నాలు వదలాలి.

జనం తలదాచుకున్న బడి: నిండిన మరుగుదొడ్లు, కాలిన మోటారు, మసి పట్టిన వరండా

బడి వేళల్లో పిల్లలు వాడే మరుగుదొడ్లను రాత్రింబవళ్లు కుటుంబాలు వాడాయి. లో వోల్టేజీలో మోటారు ఆగకుండా తిరిగింది. వానలో బయట పొయ్యి పెట్టలేక వరండాలో వండారు. ఇల్లు మునిగి వచ్చినవాళ్లను తప్పుపట్టకండి. ఖర్చు మాత్రం బడి మీద పడకూడదు. తాళాలు తిరిగి తీసుకునే ముందే గ్రామ లేదా వార్డు సచివాలయం సిబ్బందితో కలిసి గది గదీ తిరిగి, వాడకం వల్ల పాడైనవాటిని తుపాను నష్టంతో కలపకుండా విడిగా రాయించి, ఇద్దరూ సంతకాలు చేయండి. ఆ కాగితం లేకపోతే విరిగిన బెంచీలకు ఎవరూ డబ్బు ఇవ్వరు.

నేల ఇంకా నీరు పట్టి ఉండగా సెప్టిక్ ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయిస్తే ట్యాంకు పైకి లేవొచ్చు, పగలొచ్చు. కొంచెం తీయించి, మిగతాది నేల ఆరాక తీయించండి. సంప్‌ను (నేలలోని నీళ్ల తొట్టి) బురద తీసి కడిగి నింపాక, 1000 లీటర్లకు 150 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ కలిపి రాత్రంతా ఉంచి, ఆ నీళ్లన్నీ వదిలేయండి. మళ్లీ నింపి, మామూలు మోతాదులో క్లోరిన్ వేసి, కుళాయి దగ్గర క్లోరోస్కోప్‌తో (నీటిలో మిగిలిన క్లోరిన్‌ను చూపే కిట్) పరీక్షించండి. లీటరుకు 0.5 మిల్లీగ్రాముల దాకా చూపించాకే పిల్లలకు ఆ నీళ్లు ఇవ్వండి.