సంత రోజుల్ని బట్టి గ్వాటెమాలా: హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకి

మధ్య అమెరికాలోని గ్వాటెమాలా వెళ్లేవాళ్లు చాలామంది మ్యాప్ ముందు పెట్టుకుని, దగ్గరగా ఉన్న ఊళ్లన్నీ వరసగా కలుపుకుంటూ ప్లాన్ వేసుకుంటారు. అలా వేస్తే చిచికాస్తెనాంగోకి మంగళవారం చేరతారు, ఖాళీ రోడ్లు చూసి తిరిగొస్తారు. అక్కడి కొండ ప్రాంతంలో మూలవాసులైన మాయా జనం జీవితం వారపు సంత చుట్టూ తిరుగుతుంది. ముందు సంత రోజులు రాసుకోండి, తర్వాత హోటళ్లు బుక్ చేయండి. చిచికాస్తెనాంగోలో గురు, ఆదివారాలు. సొలొలాలో మంగళ, శుక్రవారాలు. ఈ నాలుగు రోజులు గుర్తుంటే మిగతా ప్లాన్ దానంతటదే కుదురుతుంది.

బయల్దేరే ముందు

భారతీయ పాస్‌పోర్టుకి గ్వాటెమాలా వీసా కావాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మామూలుగా విడిగా వీసా అక్కర్లేదు. కానీ ఈ నియమం మారొచ్చు కాబట్టి, టికెట్ కొనకముందే ఢిల్లీలోని గ్వాటెమాలా ఎంబసీకి మెయిల్ రాసి, వాళ్ల జవాబు ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి. చెకిన్ కౌంటర్లో మిమ్మల్ని ఆపేది ఎయిర్‌లైన్ సిబ్బంది. వాళ్లకి చూపించడానికి కాగితం ఉండాలి. ఒకసారి లోపలికి వెళ్తే ఇచ్చే 90 రోజులు గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడార్, నికరాగ్వా నాలుగింటికీ కలిపి లెక్క. హోండురాస్‌లోని కోపాన్ శిథిలాలు చూసొచ్చినా లెక్క మళ్లీ మొదలవదు.

శంషాబాద్ నుంచి నేరుగా ఫ్లైట్ లేదు. అమెరికా మీదుగా వెళ్తే విమానం మారడానికే అయినా అమెరికా వీసా ఉండాల్సిందే. అక్కడ ఇమిగ్రేషన్ దాటి, బ్యాగులు తీసుకుని మళ్లీ అప్పగించాలి. అందుకే రెండు ఫ్లైట్ల మధ్య కనీసం నాలుగు గంటలు ఉంచుకోండి. పనామా లేదా బొగోటా మీదుగా వెళ్తే ఎల్లో ఫీవర్ టీకా కార్డు తప్పనిసరి అనుకోండి. అది లేకపోతే తిరిగొచ్చినప్పుడు మన దగ్గరే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఈ టీకా నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. వేయించుకున్న పది రోజులకి గానీ కార్డు చెల్లదు.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలం, మే నుంచి అక్టోబరు దాకా వానలు. మన టైమ్‌కి అక్కడి టైమ్ పదకొండున్నర గంటలు వెనక. డాలర్లు తీసుకెళ్లండి. చిరుగు, రాత, మడతల మరకలు లేని నోట్లే తీసుకుంటారు. అక్కడి డబ్బు క్వెట్సాల్, డాలరుకి సుమారు 7.7. సంతలో వంద క్వెట్సాళ్ల నోటుకి చిల్లర దొరకదు. బ్యాంకులోనే 5, 10, 20 నోట్లు అడిగి తీసుకోండి.

కరెంటు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు బుల్లి రైస్ కుక్కర్ లేకుండా బయల్దేరరు. అక్కడ 120 వోల్టులు, పలక పిన్నుల ప్లగ్గు. ఫోన్ ఛార్జర్‌కి అడాప్టర్ చాలు. కానీ 230 వోల్టుల కుక్కర్ అడాప్టర్‌తో పెడితే దాని శక్తి నాలుగో వంతుకి పడిపోతుంది. 700 వాట్ల కుక్కర్ 190 వాట్లే ఇస్తుంది, బియ్యం నాని మెత్తబడతాయి గానీ ఉడకవు. దానికి తోడు ఎత్తు. ఆంటిగ్వా 1,500 మీటర్ల పైన ఉంది. అక్కడ నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కందిపప్పు మొండికేస్తుంది. కుక్కర్ మానేసి పొడులు, ఆవకాయ, నెయ్యి గట్టిగా ప్యాక్ చేసి చెకిన్ బ్యాగులో పెట్టుకోండి. అక్కడ అన్నం, మొక్కజొన్న తోర్తియాలు ఎక్కడైనా దొరుకుతాయి.

శాకాహారులకి

"సిన్ కార్నె" అంటే మాంసం లేకుండా అని అర్థం. కానీ అక్కడ కార్నె అంటే ముందు గొడ్డుమాంసమే గుర్తొస్తుంది, కోడి ఆ లెక్కలోకి రాదు. అందుకే "సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ మాంతేకా" అని మూడూ చెప్పాలి. మాంతేకా అంటే పంది కొవ్వు. నల్ల చిక్కుడు గింజల ముద్దలో అదే వేసి వేయిస్తారు. సూప్ తీసుకుంటే "సిన్ కాల్దో దె పోయో" అని కూడా అడగండి. తోర్తియా మాత్రం నిశ్చింతగా తినొచ్చు. మొక్కజొన్నలు సున్నపు నీళ్లలో ఉడికించి, కడిగి, రుబ్బి, చేత్తో తట్టి పెనం మీద కాలుస్తారు. జొన్నరొట్టె అలవాటున్నవాళ్లకి మొదటి ముక్కలోనే నచ్చుతుంది. కారం కావాలంటే కోబాన్ ప్రాంతపు పొగబెట్టిన మిరప్పొడి "చిలే కోబనేరో" అడగండి. కుళాయి నీళ్లు వద్దు. "ఆగ్వా పూరా" అని అడిగి కొనుక్కోండి.

రోజుల లెక్క

మంగళవారం దిగి, నేరుగా ఆంటిగ్వా వెళ్లి నిద్రపోండి. ఎయిర్‌పోర్టు నుంచి 40 కిలోమీటర్లే, ట్రాఫిక్‌ని బట్టి గంట నుంచి రెండు గంటలు. బుధవారం మధ్యాహ్నం దాకా ఊరు చూసి చిచికాస్తెనాంగో చేరండి, ఆ రాత్రి అక్కడే ఉండండి. పొద్దున్నే షటిల్‌లో వచ్చే టూరిస్టులు పదింటికి గానీ దిగరు. రాత్రి కర్రలు పాతి పందిళ్లు కట్టడం, తెల్లవారుజామున బుట్టలు దించుకోవడం వాళ్లు చూడరు. గురువారం మధ్యాహ్నం అతిత్లాన్ సరస్సు ఒడ్డున ఉన్న పనాహాచెల్‌కి దిగండి, గంటన్నర. శుక్రవారం సొలొలా సంత. అది 8 కిలోమీటర్లు ఎగువన ఉంటుంది. అక్కడ మగవాళ్లు కూడా తమ నేత బట్టలే కట్టుకొస్తారు. శని, ఆదివారాలు సరస్సు చుట్టూ ఊళ్లు. సోమవారం వెనక్కి. ఇళ్ల మధ్య తిరగడానికి ఆటో ఉంది. అక్కడ "తుక్‌తుక్" అంటారు, బండి మాత్రం మన బజాజే. ఎక్కే ముందే ధర మాట్లాడుకోండి.

సరస్సు దాటడం పొద్దున పెట్టుకోండి. మధ్యాహ్నం అయ్యేసరికి "షోకోమిల్" అనే గాలి లేస్తుంది. లాంచీ అలల మీద ఎగిరెగిరి పడుతుంది, ముందు సీట్లలో కూర్చున్నవాళ్ల నడుం పోతుంది. వెనక కూర్చోండి, బ్యాగుని ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. శాన్ హువాన్, శాన్ పెద్రో ఊళ్లకి ఒక రేవు, శాంతియాగోకి వేరే రేవు. లైన్లో నిలబడే ముందు అడగండి.

బట్ట కొనడం

ఈ ప్రయాణంలో తెలుగువాళ్లకి అచ్చంగా పనికొచ్చే చదువు మన దగ్గరే ఉంది. గ్వాటెమాలా ఆడవాళ్లు చుట్టుకునే "కోర్తె" బట్టలో ఎక్కువ భాగం "హాస్పె". అంటే మన ఇక్కతే. నూలుని కట్టలుగా చేసి, ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు. సల్కాహా ఊరు దీనికి పేరు. పోచంపల్లిలో చీర చూసినట్టే చూడండి. గీత అంచు ఈకలా కాస్త చెదిరి ఉండాలి, వెనక్కి తిప్పితే అదే రంగు అంతే గాఢంగా కనపడాలి. అంచు కత్తితో కోసినట్టుండి, వెనక వెలసినట్టుంటే అది ప్రింట్. కొలత దగ్గర జాగ్రత్త. బట్ట మీటర్లలో కాకుండా "వారా"ల్లో అమ్ముతారు, వారా అంటే సుమారు 84 సెంటీమీటర్లు. ఆరు "వారా"లు కొంటే వచ్చేది ఐదు మీటర్లే. అడ్డం కూడా చీరకి చాలదు. కుర్తాకో దుప్పట్టాకో తీసుకోండి.

పైన వేసుకునే "హుయిపిల్" వేరే సంగతి. దాన్ని నడుం మగ్గం మీద నేస్తారు. ఒక కొస చెట్టుకో స్తంభానికో కట్టి, రెండో కొస పట్టీతో నడుం వెనక్కి తిప్పుకుని, మోకాళ్ల మీద కూర్చుంటుంది నేతకత్తె. వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకి వంగితే వదులవుతుంది. చేతులు చాచినంత మేరే బట్ట వెడల్పు. కాబట్టి అసలైన హుయిపిల్ రెండు మూడు పట్టీలు కలిపి కుట్టినదై ఉంటుంది. పట్టీకి నాలుగు వైపులా నేసిన అంచే ఉండాలి, మెడ దగ్గర తప్ప ఎక్కడా కత్తెర పడకూడదు. ఒకే వెడల్పాటి బట్టతో కుట్టి, కింద మడిచి ఉంటే అది నడుం మగ్గం నేత కాకపోవచ్చు. ఆంటిగ్వాకి దగ్గర్లోని శాన్ ఆంతోనియో ఆగ్వాస్ కాలియెంతెస్‌లో నేసే మేలురకంలో పువ్వు లోపల, బయట ఒకేలా ఉంటుంది. తిప్పి చూస్తే ఏది వెనకో పోల్చుకోలేరు. అలాంటిదానికి నెలలు పడతాయి. దాని దగ్గర సగానికి సగం బేరం ఆడకండి. నేసినామె కూర్చుని అమ్ముతుంటే అసలే వద్దు. బేరం బ్యాగుల దగ్గర, బొమ్మల దగ్గర చూసుకోండి.

శాన్ హువాన్‌లో ఆడవాళ్ల సహకార సంఘాలు ఆకులు, బెరళ్లు, నీలిమందుతో అద్దకం చేసి చూపిస్తాయి. కొనే ముందు తెల్ల చేతిరుమాలు తడిపి బట్ట మూల మీద గట్టిగా రుద్దండి. రంగు బాగా అంటుకుంటే పక్కన పెట్టేయండి.

గుడి మెట్లు, పంచాంగం

చిచికాస్తెనాంగోలో శాంతో తోమాస్ చర్చికి 18 మెట్లు. మాయా సంవత్సరంలో 20 రోజుల నెలలు 18, పైన ఐదు రోజులు, మొత్తం 365. మెట్ల మీద కోపాల్ జిగురు పొగ వేస్తుంటారు, సాంబ్రాణికి బంధువే అనిపిస్తుంది. ఆ మెట్లు ప్రార్థన చేసేవాళ్లవి. మీరు పక్క ద్వారం నుంచి వెళ్లండి, లోపల ఫోటో తీయకండి.

365 రోజుల లెక్కతో పాటు 260 రోజుల లెక్క ఇంకా నడుస్తోంది. 20 పేర్లు, 13 అంకెలు. మనకి వారం, తిథి రెండూ కలిసి నడిచినట్టే, పేరూ అంకే ఒక్కొక్క అడుగు వేస్తాయి. పదమూడు తర్వాత అంకె ఒకటికి తిరుగుతుంది, పేరు మాత్రం ముందుకే పోతుంది. అదే జంట మళ్లీ కలవడానికి 260 రోజులు. మంచిరోజు చూడటానికి, పేరు పెట్టడానికి "అహ్‌కీహ్" అనే దినగణకుడి దగ్గరికి వెళ్తారు. ఆయన ఎర్ర గింజలు పరిచి లెక్క చూస్తాడు. చిచికాస్తెనాంగో పక్కనున్న పస్కువాల్ అబాహ్ కొండ మీద హోమం జరుగుతుంటే స్థానిక గైడ్‌తోనే వెళ్లండి, దూరంగా కూర్చోండి, కెమెరా సంచిలోనే ఉంచండి. పిల్లల్ని అడగకుండా ఫోటో తీయడం, ఎత్తుకోవడం ఎక్కడా చేయొద్దు. పిల్లల్ని ఎత్తుకుపోతారన్న భయం కొన్ని ఊళ్లలో ఇప్పటికీ ఉంది. పెద్దవాళ్లనైనా "ప్వేదో తోమార్ ఉనా ఫోతో?" (ఒక ఫోటో తీయొచ్చా?) అని అడిగాకే. అక్కడి మాయా భాషల్లో ఒకటైన కిచేలో ధన్యవాదం "మాల్త్యోష్". ఆ ఒక్క మాటకి ముఖాలు విచ్చుకుంటాయి.

ఈస్టర్ ముందు వారం వెళ్లగలిగితే ఆంటిగ్వాలో సంక్రాంతి ముగ్గుల్ని మించిన పని చూస్తారు. రంగు కలిపిన రంపపు పొట్టుతో వీధి పొడవునా తివాచీలు వేస్తారు, ఊరేగింపు వాటి మీదుగానే నడిచిపోతుంది. గదులు నెలల ముందే అయిపోతాయి.

టికాల్

టికాల్ పెతెన్ అడవిలోని పాత మాయా నగర శిథిలం, పై రోజుల లెక్కలో చేరలేదు. కొండల్లో చలి కోసం తెచ్చిన స్వెట్టర్ ఇక్కడ బరువే. పెతెన్ అడవిలో ఉక్కపోత, దోమలు. రాజధాని నుంచి ఫ్లోరెస్‌కి విమానంలో గంట, బస్సులో తొమ్మిది పది గంటలు. ఫ్లోరెస్ ద్వీపం ఉన్నచోటే ఇత్సా మాయా రాజధాని ఉండేది. స్పెయిన్ సేనలకి 1697 దాకా లొంగలేదు. అక్కడి నుంచి టికాల్ 65 కిలోమీటర్లు. టికెట్ విదేశీయులకి 150 క్వెట్సాళ్లు, వెళ్లేముందు సరిచూసుకోండి, పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి. గేటు ఆరింటికి తెరుస్తారు. ముందు నేరుగా నాలుగో గుడికి నడవండి. 65 మీటర్ల ఎత్తు, పైకి చెక్క మెట్లు. ఎండ రాకముందు అది ఎక్కేసి, పెద్ద చౌకుకి తర్వాత రండి. మొదటి గుడి ఎక్కనివ్వరు. నీళ్లు మనిషికి రెండు లీటర్లు తీసుకెళ్లండి, లోపల దుకాణాలు తక్కువ. చెట్ల మీద నుంచి పులి గాండ్రించినట్టు వినపడితే కంగారు పడకండి, అవి హౌలర్ కోతులు.