గర్భసంచి ఆపరేషన్: ట్రాన్స్ పురుషులు ఎప్పుడు, ఏ రకం చేయించుకోవాలి

తెలుగు రాష్ట్రాల్లో గర్భసంచి తీయించుకోవడం చాలా మామూలు విషయమైపోయింది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో దేశం మొత్తం మీద 3 శాతానికి కాస్త పైగా ఈ ఆపరేషన్ చేయించుకోగా, ఆంధ్రప్రదేశ్‌లో అది 9 శాతానికి దగ్గరగా ఉంది. ఇంత అలవాటైన ఆపరేషన్ కాబట్టే, ట్రాన్స్ పురుషులు (పుట్టుకతో ఆడపిల్లగా నమోదై, తమను మగవాడిగా గుర్తించుకునేవారు) దీన్ని కోరుకున్నప్పుడు గర్భాశయం, దాని ముఖద్వారం, అండవాహికలు, అండాశయాలు అన్నింటినీ ఒకే మూటగా చూడకుండా, ఏది తీయాలో ఏది ఉంచాలో విడివిడిగా తేల్చుకోవాలి.

మొదట ఆపరేషన్ అవసరమో కాదో చూసుకోండి. మగ హార్మోనైన టెస్టోస్టిరాన్ మొదలుపెట్టిన కొన్ని నెలల్లో చాలామందికి నెలసరి ఆగిపోతుంది. అలా ఆగకపోయినా, పొత్తికడుపు నొప్పి వేధిస్తున్నా, ఆ అవయవం శరీరంలో ఉందన్న ఆలోచనే భరించలేనిదిగా ఉన్నా, ముందుముందు జననాంగాలకు సర్జరీ చేయించుకోవాలనుకుంటున్నా ఇది సరైన చికిత్సే. కానీ ఇది చేయించుకుంటేనే మగవాడినవుతానని ఎవరూ అనుకోనక్కరలేదు. లింగ గుర్తింపు కోసం సర్జరీ చేయించుకోవాలని పట్టుబట్టడం తగదని 2014లో నాల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసు తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించవలసింది అండాశయాల గురించి. వాటిని రెండింటినీ తీసేస్తే శరీరానికి సొంత హార్మోను వనరు దాదాపు ఉండదు కాబట్టి, ఆ తర్వాత ఎముకల బలం మీరు బయటి నుంచి తీసుకునే టెస్టోస్టిరాన్ మీదే ఆధారపడుతుంది. ఉద్యోగం పోయో, ఊరు మారో, ఇంట్లోవాళ్లు అడ్డుపడో ఇంజెక్షన్లు నెలల తరబడి ఆగిపోతే ఒంట్లో వేడి సెగలు, నిద్రలేమి మొదలవుతాయి, ఎముకలు క్రమంగా పలచబడతాయి. చికిత్స ఎప్పటికీ ఆగకుండా సాగుతుందన్న భరోసా లేనివారు కనీసం ఒక అండాశయాన్నయినా ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. మీ రక్తంతో పిల్లలు కావాలన్న ఆశ ఏ మూలనో ఉన్నా ఇదే మాట వర్తిస్తుంది. లేదా ఆపరేషన్‌కు ముందే అండాలను భద్రపరచుకోవచ్చు, అయితే అందుకు సుమారు రెండు వారాల ఇంజెక్షన్లు, యోని ద్వారా చేసే స్కానింగులు తప్పకపోవచ్చని తెలిసి సిద్ధపడాలి. కుటుంబంలో అండాశయ, రొమ్ము క్యాన్సర్ల చరిత్ర ఉంటే మాత్రం లెక్క మారుతుంది, జన్యు పరీక్ష గురించి డాక్టరును అడగాలి. అండాశయాలు ఉంచుకున్నా అండవాహికలను తీయించుకోవడం సబబే, ఎందుకంటే అండాశయ క్యాన్సర్లుగా కనిపించేవాటిలో చాలావరకు అక్కడే మొదలవుతాయి.

గర్భాశయ ముఖద్వారాన్ని ఉంచితే పాప్ పరీక్షలు (అక్కడి కణాలు తీసి క్యాన్సర్ సూచనలు చూసేవి) కొనసాగించాలి. అవి ట్రాన్స్ పురుషులకు మనసుకూ ఒంటికీ కష్టమైనవే కాక, టెస్టోస్టిరాన్ వల్ల కణజాలం పలచబడి నమూనా సరిగా రాక మళ్లీ చేయవలసి వస్తుంటుంది. అందుకే ప్రత్యేక కారణం లేకపోతే ముఖద్వారంతో సహా పూర్తిగా తీయించుకోవడమే మేలు.

ఇక సమయం. 2022లో వచ్చిన డబ్ల్యూపాత్ (ట్రాన్స్‌జెండర్ ఆరోగ్య నిపుణుల అంతర్జాతీయ సంఘం) ఎనిమిదో ప్రమాణాల ప్రకారం, హార్మోన్లు వద్దనుకున్నవారిని, పడనివారిని మినహాయిస్తే, అండాశయాలు తీయడానికి ముందు కనీసం 6 నెలల హార్మోను చికిత్స ఉండాలి, సర్జరీకి తగినవారని నిపుణులు రాసిచ్చే లేఖ ఒకటి చాలు. మెటాయిడియోప్లాస్టీ (హార్మోనుతో పెరిగిన క్లిటోరిస్‌ను పురుషాంగంగా మలచడం) లేదా ఫాలోప్లాస్టీ (శరీరంలో మరోచోటి చర్మంతో పురుషాంగం రూపొందించడం)తోపాటు యోనిని తీసి మూసివేయించుకోవాలనుకుంటే, గర్భాశయం దానికంటే ముందో, దానితోపాటో తీయాలి, లేకపోతే లోపలి స్రావాలకు బయటికి దారి ఉండదు. కొందరు సర్జన్లు రెండూ ఒకేసారి చేస్తారు, కొందరు మధ్యలో కొన్ని నెలల విరామం అడుగుతారు. కాబట్టి గైనకాలజిస్టు దగ్గర తేదీ ఖాయం చేసుకునే ముందే, ఆ సర్జరీ చేయబోయే ప్లాస్టిక్ సర్జన్‌ను సంప్రదించండి. పొట్ట మీద పెద్ద కోత పడితే అక్కడి చర్మం, రక్తనాళాలు తర్వాతి సర్జరీకి పనికిరాకుండా పోవచ్చు కనుక, వీలున్నంతవరకు ల్యాపరోస్కోపీనే (చిన్న రంధ్రాల ద్వారా చేసే పద్ధతి) అడగాలి. ఛాతీ సర్జరీతో (రొమ్ములు తీసి ఛాతీని చదును చేసేది) కలిపి చేయించుకుంటే ఒకే సెలవు, ఒకే మత్తు సరిపోతాయి గానీ, చేతులూ పొట్టా రెండూ నొప్పిగా ఉండే ఆ రోజుల్లో దగ్గరుండి చూసుకునే మనిషి కచ్చితంగా కావాలి.

టెస్టోస్టిరాన్ వాడేవారిలో రక్తం చిక్కబడవచ్చు కాబట్టి ఆపరేషన్‌కు ముందు హిమోగ్లోబిన్, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) చూపించుకోండి. మందు ఆపాలా వద్దా అన్నది సొంతంగా నిర్ణయించుకోకుండా డాక్టరునే అడగండి. గైనిక్ వార్డులో స్త్రీల మధ్య ఉండటం మీకు ఇబ్బంది అనుకుంటే విడిగది గురించీ, కేసు షీటులో, పిలుపులో ఏ పేరు వాడాలన్నదాని గురించీ ముందే మాట్లాడుకోవాలి. అంగీకార పత్రంలో తీయబోయే ప్రతి అవయవం పేరూ రాయించి, చదివాకే సంతకం చేయండి.

తర్వాత 6 నుంచి 8 వారాలు బరువులు ఎత్తకూడదు, యోనిలో ఏదీ పెట్టకూడదు, టెస్టోస్టిరాన్ వల్ల పలచబడిన కణజాలం మానడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. ఎక్కువ రక్తస్రావం, జ్వరం, దుర్వాసనతో స్రావం, పిక్కలో వాపు, ఆయాసం, మూత్రం అదుపు లేకుండా కారడం వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. డిశ్చార్జి సారాంశాన్నీ, బయాప్సీ రిపోర్టునూ జాగ్రత్త చేసుకుంటే, ఏ అవయవం ఉందో ఏది లేదో తర్వాత చూసే డాక్టరుకు వెంటనే తెలుస్తుంది.