కాల్పులు ఆపే పిలుపు: ప్రాసిక్యూటర్, బస్తీ కలిసి నడపాల్సిన పని

అమెరికాలో ఏ నగరంలోనైనా వరసగా కాల్పులు జరిగితే ఊరు ఊరంతా చెడిపోయిందంటారు. కాల్పుల వెనకున్నవాళ్ల పేర్లు రాసుకుని లెక్క తీస్తే తేలేది వేరు. 1990ల మధ్యలో బోస్టన్‌లో అలా లెక్క తీశారు. 61 గ్యాంగులు, అన్నింట్లో కలిపి 1,300 మంది తేలారు. నగరంలో వాళ్ల వయసు కుర్రాళ్లలో వీళ్లు ఒక్క శాతం కూడా లేరు. అయినా యువకుల హత్యల్లో కనీసం 60 శాతం వీళ్లతో ముడిపడినవే. 1996లో అక్కడ మొదలైన ‘ఆపరేషన్ సీజ్‌ఫైర్’ ఈ కొద్దిమందితో నేరుగా మాట్లాడింది. ఆ తర్వాత యువకుల హత్యల నెలవారీ సగటు 63 శాతం తగ్గింది. ఇంకో నగరం ఇదే పద్ధతి మొదలుపెట్టాలంటే ఏం చేయాలో కింద రాస్తున్నాం.

ముందు బల్ల దగ్గర ఎవరెవరు కూర్చోవాలో చూసుకోండి. మన దగ్గర పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను ప్రభుత్వం నియమిస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో డిస్ట్రిక్ట్ అటార్నీని జనమే ఓటేసి ఎన్నుకుంటారు. ఏ కేసు నడపాలో, ఏది వదిలేయాలో తేల్చేది ఆయనే. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ చట్టాల కింద వచ్చే కేసులు చూసే యూఎస్ అటార్నీ వేరు. ఇద్దరూ రావాలి, ఎందుకంటే పాత నేరస్థుడి దగ్గర తుపాకీ దొరికితే ఫెడరల్ చట్టం కింద 15 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు. వీళ్లకు తోడు పోలీసులు, కోర్టు షరతుల మీద బయట ఉన్నవాళ్లపై కన్నేసి ఉంచే ప్రొబేషన్ అధికారులు, పాస్టర్లు, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు, ఒకప్పుడు గ్యాంగులో తిరిగి బయటపడి ఇప్పుడు గొడవలు ఆపేందుకు వీధుల్లో పనిచేస్తున్న కార్యకర్తలు, ఉద్యోగం, ఇల్లు, చికిత్స చూపించగల సంస్థలు ఉండాలి.

తర్వాత లెక్క. గత రెండేళ్ల హత్యలన్నీ ఒక్కొక్కటిగా ముందేసుకోండి. ఆ వీధి తెలిసిన పోలీసుల్ని, ప్రొబేషన్ అధికారుల్ని కూర్చోబెట్టి ప్రతి దానికీ అవే ప్రశ్నలు వేయండి: చనిపోయినవాడు ఎవరి మనిషి? కాల్చినవాడు ఎవరి మనిషి? గొడవ దేనికి? ఏ గ్యాంగుకు ఎవరితో పగ, ఎవరితో పొత్తు? ముందే ఒక ఊహ పెట్టుకుని దిగకండి. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో 2012 తర్వాత ఇలా చూస్తే, కాల్చినవాళ్ల, చనిపోయినవాళ్ల సగటు వయసు 30 దరిదాపుల్లో తేలింది. బడి పిల్లల మీద డబ్బంతా ఖర్చుపెట్టి ఉంటే గురి తప్పేది.

గ్యాంగు మనుషులని పోలీసులు రాసిపెట్టుకున్న పేర్ల జాబితాను, అంటే పాత గ్యాంగ్ డేటాబేస్‌ను నమ్ముకుని పేర్లు దించుకోవద్దు. కాలిఫోర్నియా గ్యాంగ్ డేటాబేస్‌ను 2016లో రాష్ట్ర ఆడిటర్ తనిఖీ చేస్తే, నమోదు చేసేనాటికి ఏడాది కూడా నిండని 42 మంది పేర్లు అందులో కనిపించాయి. తప్పు పేరుతో ఒక ఇంటి తలుపు తడితే ఆ వీధిలో మీ మాట ఇంక చెల్లదు.

ఇప్పుడు అసలు పని, పిలుపు సమావేశం. కోర్టు షరతుల మీద బయట ఉన్నవాళ్లలో ఒక్కో గ్యాంగు నుంచి ఒకరిద్దరిని, మొత్తం 20, 30 మందిని పిలవండి. ప్రొబేషన్ అధికారి రమ్మంటే వాళ్లు రావాల్సిందే. అక్కడ ఎవరినీ అరెస్టు చేయబోమని ముందే చెప్పి, ఆ మాట మీద నిలబడండి. పోలీస్ స్టేషన్‌లో పెట్టొద్దు. లైబ్రరీ, కమ్యూనిటీ హాలు మేలు. గంట దాటనీయకండి, ఒక్కొక్కరికీ మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు.

మొదట బస్తీవాళ్లు మాట్లాడాలి. కొడుకును పోగొట్టుకున్న తల్లి మాట ఆ కుర్రాళ్లను కదిలించినట్టు ప్రాసిక్యూటర్ మాట కదిలించదు. “మీరు మా పిల్లలే, మీరు చావకూడదు, ఎవర్నీ చంపకూడదు” అని ఆమె చెప్పాక, గాయాలకు కుట్లు వేసే డాక్టర్, గ్యాంగు వదిలి మారిన మనిషి మాట్లాడాలి. ఆ తర్వాత సాయం చేసేవాళ్లు లేచి ఒక్క ఫోన్ నంబరు ఇవ్వాలి. కరపత్రాల కట్ట పంచితే గుమ్మం దాటగానే చెత్తబుట్టలో పడుతుంది. నంబరుకు ఫోన్ చేసినవాడికి మర్నాడే మనిషి ఎదురుపడాలి. డ్రైవింగ్ లైసెన్సు, రాత్రి తలదాచుకునే చోటు, వేరే ఊరికి మారేందుకు సాయం, వాళ్లు ముందు అడిగేవి ఇవే.

ప్రాసిక్యూటర్ వంతు చివర్లో రావాలి. నీతిబోధ వద్దు, అరుపులు వద్దు. చెప్పాల్సింది ఇంతే: “ఈ రోజు తర్వాత మొదట హత్య చేసే గ్యాంగు మీద మా అందరి దృష్టీ పడుతుంది. కాల్చినవాడి మీదే కాదు, ఆ గ్యాంగులో తుపాకీ పట్టిన, మత్తు అమ్మిన ప్రతి ఒక్కరి మీదా చట్టప్రకారం ఉన్న కేసులన్నీ నడుపుతాం. వెళ్లి మీవాళ్లకు చెప్పండి.” బోస్టన్‌లో ఒక్క తూటాతో దొరికిన పాత నేరస్థుడికి దాదాపు 20 ఏళ్ల ఫెడరల్ శిక్ష పడింది. ఆ సంగతి పోస్టరు వేసి మరీ చూపించారు. జరిగిన కేసు చూపిస్తే బెదిరింపు అక్కర్లేదు. చేయలేనిది మాత్రం ఒక్క ముక్క కూడా అనకండి. ఆ గదిలో ఎవరి పాత కేసు గురించీ ప్రశ్నలు అడగొద్దు. వాళ్లకు లాయర్లున్నారు, హక్కులున్నాయి.

మాట ఇచ్చాక ఆలస్యం చేస్తే అంతా పోతుంది. హత్య జరిగిన వారాల్లోనే కేసులు కదలాలి. అందుకే ఏ అధికారి ఏం చేస్తాడో సమావేశానికి ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. ఆ కేసులు ఏమయ్యాయో మూడు నాలుగు నెలల తర్వాత జరిగే పిలుపులో మొదట చెప్పాలి.

మధ్యలో వారం వారం ఒక సమీక్ష ఉండాలి. ఏడు రోజుల్లో జరిగిన ప్రతి కాల్పునూ, ఎవరూ చావకపోయినా సరే, చూడండి. ఎవరు ప్రతీకారానికి దిగొచ్చు, వాళ్ల ఇంటికి ఈ రాత్రి ఎవరు వెళ్లాలి అన్నది తేలేదాకా లేవొద్దు. వీధి కార్యకర్తకు చెవిన పడిన కబురు పోలీసుల చేతికి వెళ్లకూడదు. సమాచారం పోలీసుల నుంచి కార్యకర్తకు రావచ్చు, కార్యకర్త నుంచి పోలీసులకు పోకూడదు. ఈ గీత ఒక్కసారి చెరిగితే కార్యకర్త ప్రాణానికే ముప్పు.

ఎక్కువగా దెబ్బ తగిలేది పని ఫలించాకే. హత్యలు తగ్గగానే పెద్దలు మారతారు, సమావేశాలు వాయిదా పడతాయి, డబ్బు వేరే పనికి పోతుంది. బోస్టన్‌లో 2000 నాటికి ఈ పని ఆగిపోయింది, తర్వాత హత్యలు మళ్లీ పెరిగాయి. ఓక్లాండ్‌లో ఇదే పద్ధతి తుపాకీ హత్యల్ని 31 శాతానికి పైగా తగ్గించిందని అధ్యయనంలో తేలింది. ఆ నగరం కూడా తర్వాత పద్ధతిని పలచన చేసుకుందని 2024లో బయటికొచ్చిన ఆడిట్ చెప్పింది. అందుకే పూర్తి జీతమిచ్చి ఒక మేనేజర్‌ను పెట్టండి. మేయర్ మారినా ఆ కుర్చీ కదలకుండా బడ్జెట్‌లో రాయించండి. లెక్కగా అరెస్టుల సంఖ్యను పెట్టుకోవద్దు. ఏ గ్యాంగు ఎన్నిసార్లు కాల్చింది, ఎవరు ఫోన్ చేశారు, చేసినవాళ్లలో ఎంతమందికి వారంలోగా పని దొరికింది అన్నవే ప్రతి నెలా బల్ల మీదికి రావాలి.