పరీక్ష హాల్లోకి వెళ్లే ముందు పది నిమిషాలు

కాళోజీ హెల్త్ యూనివర్సిటీ పరీక్షలు వస్తున్నాయంటే వరంగల్, హన్మకొండ నర్సింగ్ హాస్టళ్లలో ఎవరికీ నిద్ర ఉండదు. చదివింది హాల్లో గుర్తుకు రావట్లేదని బాధపడే చెల్లెళ్ల కోసం, తమ్ముళ్ల కోసం ఇది రాస్తున్నా.

చివరి పది నిమిషాలు పుస్తకం మూసేయండి. ఒక తెల్లకాగితం తీసుకుని, ఈ పరీక్ష గురించి ఏం భయమో ఉన్నదున్నట్టు రాయండి. ఫెయిలైతే ఇంట్లో ఏమంటారో, కట్టిన ఫీజు ఏమవుతుందో, అన్నీ రాయండి. ఎవరికీ చూపించక్కర్లేదు, చింపేయండి. షికాగో యూనివర్సిటీ పరిశోధకులు రమిరెజ్, బైలాక్ 2011లో సైన్స్ పత్రికలో చెప్పిందిదే. బాగా టెన్షన్ పడే విద్యార్థులకు ఇలా రాశాక మార్కులు మెరుగయ్యాయి. చదవకుండా వెళ్తే మాత్రం ఇది పనిచేయదు.

టెన్షన్‌లో ముందు తప్పేవి లెక్కలే. ఉదాహరణకు 500 మి.లీ. సెలైన్ 4 గంటల్లో ఎక్కించాలి, ఎక్కించే గొట్టం (సెట్) మి.లీ.కి 15 చుక్కలు పడేది. 500ను 15తో గుణించి, 4 గంటలకు అయ్యే 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి దాదాపు 31 చుక్కలు. చాలామంది గంటల్ని నిమిషాలుగా మార్చడం దగ్గరే తడబడతారు. అందుకే ఎంత తేలికైన లెక్కైనా మనసులో చేయకండి, ప్రతి మెట్టూ కాగితం మీద పెట్టండి. వార్డులో కూడా ఇదే అలవాటు పేషెంట్‌ని కాపాడుతుంది.

వారాల తరబడి నిద్ర, ఆకలి లేకపోతే మాత్రం ఒక్కరే మోయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.