మూడు పౌండ్ల పాంథర్

ఇంగ్లండులోని కోవెంట్రీ వచ్చిన కొత్తలో ఆదివారం పొద్దున్నే కార్ బూట్ సేల్‌కి, అంటే జనం కారు డిక్కీల్లో పాత సామాన్లు తెచ్చి అమ్మే సంతకి వెళ్లేవాణ్ణి, గిన్నెలూ కుర్చీలూ చవగ్గా దొరుకుతాయని. ఓ రోజు పాత టీ కప్పుల మధ్య నలిగిన అట్టపెట్టె కనిపించింది. ఎయిర్‌ఫిక్స్ కంపెనీ పాంథర్, రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ ట్యాంకు, ముక్కలు అతికించి చేసుకునే ప్లాస్టిక్ బొమ్మ. మూడు పౌండ్లు. కుర్చీ కొనకుండా ఇంటికొచ్చాను. ఇప్పుడు బీరువా మీద ఎన్ని డబ్బాలున్నాయో మా ఆవిడ లెక్కపెట్టడం మానేసింది.

ఎయిర్‌ఫిక్స్ 1960లలో తెచ్చిన ఈ చిన్న ట్యాంకుల సైజు 1/76, అంటే అసలు దానిలో డెబ్భై ఆరో వంతు. ఫిరంగి గొట్టం వదిలేస్తే 6.87 మీటర్లుండే అసలు పాంథర్ ఇక్కడ తొమ్మిది సెంటీమీటర్లు. 1970లలో మ్యాచ్‌బాక్స్ అనే ఇంకో కంపెనీ కూడా ఇదే సైజులో, చిన్న నేలముక్కతో సహా అమ్మింది. వాటి అచ్చులే తర్వాత రెవెల్ కంపెనీ డబ్బాల్లో వచ్చాయి. అందుకే "చాలా అరుదు సార్" అని ఎవరైనా పాతిక పౌండ్లు చెబితే నవ్వేసి ముందుకెళ్లండి. నేనైతే ఐదు దాటను. ప్రతి నవంబరులో టెల్‌ఫోర్డ్‌లో జరిగే స్కేల్ మోడల్‌వరల్డ్ అనే మోడల్ బొమ్మల ప్రదర్శనలో బల్లల కింద పెట్టిన డబ్బాల్ని కూడా వంగి చూడండి.

కొనేముందు మూత తీయండి, సిగ్గుపడకండి. మొదట చక్రాలు లెక్కపెట్టండి. నేను ఆ పని చెయ్యలేదు, ఇంటికెళ్లి చూస్తే ఒకటి తక్కువ. మంచి చక్రానికి నూనె రాసి ప్లాస్టిసీన్‌లో (పిల్లలు ఆడుకునే మెత్తటి మట్టిలాంటిది) ఒత్తి, ఆ గుంటలో ఇండియా నుంచి తెచ్చుకున్న ఎం-సీల్ నింపాను. తీస్తే కాస్త వంకరగా వచ్చింది.

తర్వాత ట్రాకులు, అంటే చక్రాల చుట్టూ తిరిగే పట్టాలు. అసలు తలనొప్పి వీటితోనే. పాత ఎయిర్‌ఫిక్స్‌వి పాలిథీన్‌వి, ఏ జిగురూ పట్టదు. చివరన ఉన్న చిన్న పిన్నుల్ని రంధ్రాల్లో దూర్చి, వేడి చేసిన స్క్రూడ్రైవర్ కొనతో మెల్లగా నొక్కితే కరిగి అతుక్కుంటాయి. రెండు సెకన్లు ఎక్కువైతే ట్రాకే తెగుతుంది, అప్పుడు నల్లదారంతో కుట్టుకోవడమే. వేరే కంపెనీల వినైల్ ట్రాకులది ఇంకో రోగం. ఏళ్ల తరబడి చక్రాల్ని తాకుతూ ఉంటే ఆ ప్లాస్టిక్‌ని కరిగించేస్తాయి. డబ్బా ఇంటికి రాగానే వాటిని విడి కవర్లో వేసెయ్యండి.

ముక్కలన్నీ అవి అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేమ్ మీద ఉండగానే గిన్నెల సబ్బుతో కడగండి. అచ్చు నూనె మిగిలుంటే రంగు ఊడొస్తుంది. పాత అచ్చు కాబట్టి అంచుల్లో పల్చటి పొర ఉంటుంది, బ్లేడుతో గీకెయ్యండి. అతికించే ముందు ప్రతి ముక్కనీ జిగురు లేకుండా ఒట్టిగా పెట్టి చూడండి. ఏంటెన్నా లేకపోతే మిగిలిన ఫ్రేమ్ కడ్డీని కొవ్వొత్తి మీద తిప్పుతూ మెత్తబడగానే లాగితే వెంట్రుకంత సన్నగా సాగుతుంది.

రంగు గురించి భయం వద్దు. 1943 ఫిబ్రవరి నుంచి జర్మన్ ట్యాంకులకు ముదురు పసుపే అడుగు రంగు. దానిమీద ఆకుపచ్చ, గోధుమ మచ్చలు చాలాసార్లు సిపాయిలే వేసుకునేవాళ్లు. మీ బ్రష్ వణికినా తప్పు పట్టేవాడు లేడు.

డెకాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి అంటించే అంకెల షీటు, పసుపెక్కితే కిటికీ అద్దానికి టేపుతో అంటించి కొన్ని వారాలు ఎండ తగలనివ్వండి. ఇంగ్లండులో ఎండ కోసం ఎదురుచూడటం మీ ఓపిక. తర్వాత అక్కర్లేని అంకె ఒకటి నీళ్లలో వేసి చూడండి. అది ముక్కలైతే మిగతా షీటు మీద మెరుపు వార్నిష్ ఒక పూత కొట్టి, ఆరాక ఒక్కో అంకెనీ అంచు దగ్గరగా కత్తిరించండి. టరెట్ (ఫిరంగి ఉండే తిరిగే పైభాగం) మీద మూడంకెలు మామూలుగా సైన్యంలో కంపెనీ, ప్లాటూన్ అనే దళాల నంబర్లు, చివరిది బండి నంబరు. నేను 2, 3, 1 వేశాను.

పాంథర్ చక్రాలు ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయి. ఎం-సీల్ చక్రం లోపలి వరసలో ఉంది, పైగా ఆ వైపు గోడకి తిప్పి పెట్టాను.